కండ ముక్కలు

జయరాజు విస్తట్లో నాలుగు ముక్కలు పడ్డాయి. నాలుగూ ఉత్త కండే.

పక్కనే ఉన్న వెంకటన్న విస్తట్లో మాత్రం తోలూ కొవ్వూ అంటుకున్న ముక్కలు నిగనిగలాడుతున్నాయి.

జయరాజు గుటక మింగాడు. కూరది కాదు, కోపానిది.

వాళ్ళ చుట్టాల్లో పంది కూర వండితే ఒక పద్ధతుంది. పెద్దమనిషికి తోలుతో ఉన్న కొవ్వు ముక్క పడాలి. ఒట్టి కండ వేశారంటే, వచ్చినవాణ్ణి మనిషి కింద చూడనట్టే.

పైగా జయరాజు ఆ పూట పెళ్ళికొడుకు తండ్రి! కొడుకు ప్రదీప్‌కు సరితను ఖాయం చేసుకుందామని భార్య మణెమ్మతో వనపర్తి నుంచి కొత్తకోటకు వచ్చాడు. పిల్లకు తల్లి లేదు. మేనమామ వెంకటన్నే ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. మణెమ్మ లోపలికి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"పిల్ల నాయిన ఏడి?" అని అడిగాడు జయరాజు రాగానే.

"పొద్దటి సంది పనిల వడ్డడన్నా. నువ్వు తిన్నంక వచ్చి కూసుంటడు."

జయరాజు బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. ఆ మాటకే మనసులో ఒక బెల్లు కొట్టింది. కండ ముక్కలు చూశాక రెండో బెల్లు కొట్టింది.

డబుల్ బెల్లంటే రైట్ రైట్. నోరు బయల్దేరింది.

"ఏందిరా, కండక్టరునని కండ ఏసినవా?"

వడ్డిస్తున్న మనిషి గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. బక్కపలచని మనిషి. వెలిసిన చొక్కా, పొగకు ఎర్రబడ్డ కళ్ళు.

"ఇవి నీకోసమేనన్నా. నిమ్మళంగ ఉడికినయ్. జర తిని సూడు."

"కొవ్వు ముక్క ఎయ్యి."

"నీకు గివే మంచిగన్నా."

"నాకేది మంచిదో నువ్వు చెప్తవా? ముక్కల్ల లేని కొవ్వంత నీ మాటల్నే ఉన్నది!"

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు దొరికితే జయరాజు బ్రేకు వేసే మనిషి కాదు.

"ముక్కుసూటి మనిషిని, ముక్క దగ్గర ఊకుంటనా?" అంటూ విస్తరిని తోసేశాడు. పులుసు చింది ఆ మనిషి చొక్కా మీద పడింది.

వెంకటన్న లేవబోయాడు. గరిటె మనిషి తల అడ్డంగా ఊపాడు.

"వెంకటన్నా, ఇప్పుడే చెప్తున్న. పెండ్లినాడు ఈ మనిషి నా కండ్లకు కనబడితే ఈ సంబంధమే వద్దు!"

"గట్లనే అన్నా," అన్నాడు ఆ మనిషి మెల్లగా. గరిటెను గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంకెవరో వచ్చి కొవ్వు ముక్కలు వేశారు. జయరాజు పంతం కొద్దీ ఐదు తిన్నాడు. అవి కడుపులో పడ్డాయో, గుండె మీద కూర్చున్నాయో తెలియలేదు.

మూడు నెలల కింద ఆ గుండె నొప్పితోనే దవాఖానలో చేరాడు. కొవ్వు తగ్గించమని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఒంట్లోదా, నోట్లోదా అని జయరాజు అడగలేదు. చీటీని ఉండ చుట్టి గేటు దగ్గరే పారేశాడు. వెనక మణెమ్మ వస్తోందని చూసుకోలేదు.

చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

ఒక మూల కొవ్వు కూర వండిన పెద్ద డేగిసా. ఇంకో మూల ఊక పొయ్యి. దాని మీద ఒక చిన్న మట్టికుండ, ఒక్క మనిషికి సరిపోయేంత. పక్కన గిన్నెలో, పైకి తేలినప్పుడల్లా గరిటెతో తీసేసిన కొవ్వు గడ్డకట్టి ఉంది.

గుంజకు కొట్టిన మేకుకు ఒక కాగితం వేలాడుతోంది. ఉండ చుట్టి, మళ్ళీ విప్పి సాపు చేసిన కాగితం. మీద తన పేరు.

జయరాజు కుండలోంచి ఒక ముక్క తీశాడు. పుంటికూర పులుపుతో ఉడికిన ముక్క వేళ్ళ మధ్యే దూదిలా విడిపోయింది. నోట్లో పెట్టుకున్నాడు. మింగుడు పడలేదు. కూర తప్పు కాదు.

వెనక వెంకటన్న వచ్చి నిలబడ్డాడు.

"మణెమ్మక్క పోయిన నెల పిల్లను సూడనీకె వచ్చినప్పుడు ఇచ్చిపోయిందన్నా ఆ చీటీ. కండ ముక్కను తొందరవెడితే చెప్పుతోలైతది. గందుకే చీకటితోని ఊక పొయ్యి అంటువెట్టి, ఇంతసేపు దాని కాడికెళ్ళి కదల్లే ఆయన."

ఊక పొయ్యి కాడ ఊకె కూర్చోవడమే అనుకునేవాడు జయరాజు. ఒక ముతక మాట తోచింది నవ్వించడానికి. నోట్లోనే ఆగిపోయింది. పులుసు చిందిన చొక్కా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"ఆ వంటాయన మల్ల వస్తడు గద? చెయ్యి వట్టుకొని అడుగుత, మాఫ్ చెయ్యమని."

వెంకటన్న వంగి కుండ మీద మూత పెట్టాడు.

"సంబంధం ఖాయం, వెంకటన్నా. నా కోసం గింత యాది వెట్టుకున్న ఇల్లు మల్ల దొరుకుతదా? పిల్ల నాయినను పిలువు. అలయ్ బలయ్ తీసుకుంట."

"లేడన్నా. పోయిండు."

"ఏడికి?"

"తెల్వదు. పెండ్లికి గూడ రాడట. బిడ్డ చెయ్యి వట్టుకొని చర్చిల నన్నే నడువుమని చెప్పి పోయిండు."

"గదేంది! కన్నతండ్రి లేకుంట పెండ్లేంది? ఆయనను రావద్దన్నదెవడు?"

అవతల విస్తర్ల దగ్గర గోడకు ఆనించి ఉన్న గరిటె వైపు చూస్తూ వెంకటన్న అన్నాడు.

"కండ్లకు కనబడితే సంబంధమే వద్దని నువ్వే అంటివి గదన్నా."