నాన్న కాల్లో కడ్డీ

దహనవాటిక పనివాడు బూడిద కుండతో పాటు జానెడు స్టీలు కడ్డీ కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మీ నాన్నగారి కాల్లోదండి."

తమ్ముడికి పైపు ఫిట్టింగులు తనిఖీ చేసే ఉద్యోగం. అలవాటు కొద్దీ తాళాల గుత్తికున్న అయస్కాంతాన్ని కడ్డీకి ఆనించాడు. అంటుకోలేదు.

"ఇప్పుడు కూడానా?" అంది అక్క.

"సరుకు మంచిదే అక్కా. త్రీ సిక్స్‌టీన్ స్టీలు మరి, అయస్కాంతానికి అంటుకోదు! ఉప్పునీళ్ల పైపులైన్లో వంపు తిరిగే చోట ఎల్బోలకి ఇదే వేస్తాం. ఒంట్లో ఉన్నదీ ఉప్పునీళ్లే కదా, తక్కువ గ్రేడు స్టీలైతే తుప్పు తినేస్తుందని డాక్టరు దగ్గర పట్టుబట్టి మరీ వేయించాను. చూడు, నల్లబడింది గానీ ఎక్కడా తుప్పు లేదు."

"చలికాలం వస్తే ఆ కాలు పట్టుకుని కూర్చునేవారు. లోపల మంచుగడ్డ పెట్టినట్టుందమ్మా అనేవారు."

"నాతో ఎప్పుడూ అనలేదే!"

"వాడికి చెప్తే గ్రేడు పాఠం మొదలెడతాడులే అనేవారు." కోపం లేకుండానే అంది అక్క.

 తమ్ముడు అయస్కాంతాన్ని జేబులో వేసుకుని, కడ్డీని మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాడు.

అది ఇంకా వెచ్చగా ఉంది.