ముందు కొండ రోడ్డే

సోమవారమంతా కురిసిన మంచు మంగళవారం తెల్లారేసరికి మూడడుగులైంది. పది గంటలకు ఊరి సభ. అమెరికాలోని ఈ వెర్మాంట్ రాష్ట్రంలో మార్చి మొదటి మంగళవారమే సభ జరగాలని ఎవరు నిర్ణయించారో గానీ, ఆ మహానుభావుడు జన్మలో పార పట్టి ఉండడు.

ఆ సభలోనే హార్లో గ్యాప్ ఊరి జనం తమ రోడ్ల కమిషనర్ని ఎన్నుకుంటారు. పేరు గొప్ప. పని మాత్రం మంచు తొయ్యడం. ఇరవై మూడేళ్లుగా ఆ పదవి ఎల్విన్ టాట్రోదే. నడుం పట్టేసిందని ఒకసారి సభలోనే లేచి చెబితే, జోకనుకుని అందరూ నవ్వి, చప్పట్లు కొట్టి మళ్లీ ఆయన్నే ఎన్నుకున్నారు.

ఈ ఏడే మొదటిసారి పోటీ వచ్చింది. కొండ మీద గుర్రాలు పెంచే రాయిస్ పిన్నీ నిలబడ్డాడు. ఎల్విన్ లారీ తగిలి తన ఉత్తరాల డబ్బా రెండుసార్లు విరిగిందని ఆయనకు కోపం. కొండ మీది వాళ్లంతా రాయిస్ వైపు. ఏటి ఒడ్డు వాళ్లంతా ఎల్విన్ వైపు. ఊరి నడుమ ఉన్నవాళ్లు ఎటూ తేల్చుకోలేదు, కానీ వాళ్లు సభకు నడిచే రాగలరు.

ఊరికంతటికీ మంచు తోసే లారీ ఒక్కటే. పదింటిలోగా తెరవగలిగేది ఒక్క రోడ్డే. తెరవని రోడ్డు వాళ్ల ఓట్లు మంచు కిందే ఉండిపోతాయి. ఎల్విన్ పదవి ఉంటుందా ఊడుతుందా అన్నది ఎల్విన్ చేతిలోని స్టీరింగ్ మీదే ఆధారపడి ఉంది.

గ్యారేజీలోనే పడుకున్న ఎల్విన్ చీకటితోనే లారీ తీశాడు. నేరుగా కొండెక్కాడు.

ఏడింటికి ఇంటి నుంచి భార్య ఆర్డిస్ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావు?"

"కొండ మీద."

"కొండ మీదా! మతుందా నీకు? మన ఏటి రోడ్డులో నాతో కలిపి ఇరవై ఓట్లున్నాయి. మా అన్నయ్య పొద్దున్నే టై కట్టుకుని కూర్చున్నాడు."

"ఎవరికైనా ఒంట్లో బాలేదా? పొయ్యిల్లోకి కట్టెలున్నాయా?"

"అందరూ గుండ్రాయిల్లా ఉన్నారు! నీకు ఓటేద్దామని చూస్తున్నారు!"

"అయితే తొందరేం లేదు. మనవాళ్లే కదా, సర్దుకుంటారు. అరిచేవాళ్ల రోడ్డు ముందు తియ్యాలి."

"నీ మంచితనం తగలెయ్య!" అని ఆర్డిస్ ఫోన్ పెట్టేసింది.

కొండ కొసన ఎనభై ఏడేళ్ల హెస్టర్ గోకీ వాకిట్లో నిలబడి కర్ర ఊపుతోంది. పోటీ లేని రోజుల్లో కూడా ఆవిడ ఎల్విన్‌కి ఓటేసి ఎరగదు. ఏటా ఓటు చీటీ మీద తన గాడిద పేరు రాసి వచ్చేది.

"ఏరా ఎల్విన్, నా కారు ఎక్కడుందో కూడా కనబడ్డం లేదు. సభకెలా పోనురా?"

"నేనున్నాగా. ఎక్కండి హెస్టరమ్మా."

ఎక్కడం ఆవిడ వల్ల కాలేదు. ఎల్విన్ ఎత్తి కూర్చోబెట్టాడు. నడుం కలుక్కుమంది. పళ్లు బిగబట్టి, ఆవిడ కాళ్ల మీద దుప్పటి కప్పాడు.

"ఇంత చేస్తే నీకేస్తాననుకుంటున్నావేమో. నా ఓటు రాయిస్‌కే."

"మీ ఇష్టమండీ. ఆ బెల్టు పెట్టుకోండి."

"కాకా పట్టడంలో ఆరితేరావురా," అంది హెస్టర్.

పదింటికి హాలు నిండింది. కొండ మీది వాళ్లు ఒక్కరు కూడా తగ్గలేదు. పోటీదారు మనుషులకే ముందు దారి తీసిన పెద్దమనిషని అందరూ ఎల్విన్‌ని మెచ్చుకున్నారు. కొందరికి కళ్లు చెమర్చాయి కూడా. ఆ చెమర్చిన కళ్లతోనే వెళ్లి రాయిస్‌కి ఓటేశారు.

చీటీలు లెక్కపెట్టారు. రాయిస్‌కి డెబ్బై ఒకటి. ఎల్విన్‌కి డెబ్బై.

ఎల్విన్ లేచి వెళ్లి రాయిస్ చేయి పట్టుకుని ఊపాడు. ఏటి రోడ్డు ఒక్కటీ తీసేసి రేపు లారీ అప్పజెబుతానన్నాడు. గ్యారేజీ తాళాల గుత్తి మాత్రం అప్పుడే ఇచ్చేశాడు.

రాయిస్ పాపం ఉపన్యాసం రాసుకొచ్చాడు. జనం చదవనిస్తే కదా!

"మా మోరీ పూడిపోయింది, ఎప్పుడొస్తావు?"

"గురువారం మళ్లీ అడుగున్నర పడుతుందట. మా రోడ్డు ఎన్నింటికి తీస్తావు?"

"ముందు నా వాకిలి," అంది హెస్టర్, కర్రతో ఆయన్ని పొడుస్తూ. "ఊరికే వేశాననుకున్నావుట్రా ఓటు?"

ఏటి రోడ్డు తీసుకుంటూ ఎల్విన్ ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. ఈల వేసుకుంటూ లారీ దిగాడు. బాధ బయటపడకుండా దాచుకుంటున్నాడనుకుని ఆర్డిస్ గుండె తరుక్కుపోయింది. కబురు ఆవిడకి మధ్యాహ్నమే ఫోన్లో తెలిసింది.

"ఒక్క ఓటు!" అంది, ఆయన కోటు విప్పుతూ. "ఇరవై మూడేళ్లు ఈ ఊరి కోసం నడుం విరగ్గొట్టుకున్నావు. నిన్ను ఒక్క ఓటుతో దించేస్తారా? ఏటి వైపు వాళ్లం ఒక్కరం వచ్చినా ఇలా అయ్యేదా? ఎవడో గానీ, రాయిస్ పేరు రాసిన ఆ ఆఖరి చీటీ... అది రాసిన చేతులు పడిపోనూ!"

ఎల్విన్ గ్లవ్స్ తీసి, పొయ్యి ముందు చేతులు కాచుకుంటూ, "అంత మాటనకే, అది రాసింది ఈ చేతులే," అన్నాడు.