చీనీకాయలు కోసేదాకా

కరెంటు స్తంభాల కింద ఎవరో ముసలామె పడుకుని ఉంది.

పొద్దున్నే మోటరు వేయడానికి తోటకొచ్చిన సుంకప్ప గబుక్కున తలెత్తి చూశాడు. ట్రాన్స్‌ఫార్మరు ఉన్నచోటే ఉంది. అమ్మయ్య!

కంబదూరు చుట్టుపక్కల ఆ ఎండాకాలమంతా ఇదే గోల. ఎవరో ట్రాన్స్‌ఫార్మర్లు కింద పడేసి, నూనె పారబోసి, లోపలి రాగితీగ ఎత్తుకుపోతున్నారు. కరెంటు లేక బోర్లు ఆగిపోయి తోటలు నిలువునా ఎండుతున్నాయి.

సుంకప్పది చీనీతోట, అంటే బత్తాయి. మూడు బోర్లు వేయిస్తే ఒక్కదాంట్లో నీళ్లు పడ్డాయి. ఆ ఒక్క బోరును నమ్ముకుని బిడ్డల్లా సాకిన చెట్లు. ఈసారి కొమ్మలు వంగిపోయేంత కాపు.

"ఎవరవ్వా నువ్వు? ఈడేం చేస్తాండావు?"

ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"ఏమీ లేదు నాయనా. పండుకున్యా, అంతే."

"పండుకునేకి యాడా జాగానే దొరకల్యా? యా ఊరు మీది?"

ఆమె ఊరు చెప్పలేదు. చెట్ల వైపు చూసింది.

"కాయ ఎప్పుడు కోస్తారు నాయనా?"

సుంకప్పకు ఒళ్లు మండింది.

"మా కాయ సంగతి నీకెందుకు?"

"కోసేదాకా నన్నీడ పండుకోనీ. నీకు పుణ్యముంటాది."

మర్నాడూ ఆమె అక్కడే ఉంది. ఆ మర్నాడూ అంతే. పగలంతా ఊళ్లో ఎవరింటి ముందో ఇంత అడిగి తినడం, పొద్దుగూకేసరికి స్తంభాల కిందికి చేరడం.

"ముసల్ది, పండుకోనీలే. నీదేం పోతాది?" అంది భార్య కదిరమ్మ.

"నీకేం తెల్సు? ముందు ఇట్లాటోళ్లను పంపి జాగా చూపించుకుంటారంట. ఆనెంక దిగుతారు దొంగలు!"

ఆ ముందు వారమే పాలకేంద్రం దగ్గర పోలీసులు మీటింగు పెట్టారు. ఊళ్లో కుర్రాళ్లకు ఈలలిచ్చి వంతుల కాపలా ఏర్పాటు చేశారు. కానిస్టేబులు చంద్రిక అందరి ఫోన్లలో తన నంబరు వేయించింది.

"మీ ఊరికి మీరే కండ్లు. కొత్త మనిషి కనపడితే కొట్టొద్దు, తిట్టొద్దు. నాకొక ఫోన్ కొట్టండి సాలు" అంది.

సుంకప్ప ఫోన్ కొట్టాడు.

చంద్రిక వెంటనే వచ్చింది. అవ్వ పక్కనే నేలమీద కూర్చుంది. పాపం, మంచి పిల్ల.

"ఏమవ్వా, పాములు తిరిగే జాగాలో పండుకుంటే ఎట్ల? నీకెవరూ లేరా?"

"ఒక కొడుకుండాడమ్మా."

"యాడుంటాడు? ఏం పని చేస్తాడు?"

అవ్వ నోరు విప్పలేదు. ఎంత బుజ్జగించినా అంతే. చివరికి వంగి చంద్రిక బూట్లు పట్టుకోబోయింది.

"కాయ కోసేదాకా ఉండనీ తల్లీ. నేనేమన్నా అడిగినానా మిమ్మల్ని?"

చంద్రిక చటుక్కున వెనక్కి జరిగింది.

ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కదిరమ్మ సంగటి పెట్టింది. చంద్రిక మజ్జిగ తాపి, తానే చెయ్యి పట్టుకుని కళ్యాణదుర్గం బస్సెక్కించింది. బస్సు మలుపు తిరిగేదాకా అవ్వ కిటికీలోంచి తోటవైపే చూస్తూ ఉంది.

"శభాష్ సుంకన్నా! అందరూ ఇట్ల ముందే చెప్తే మాకింకేం కావల్ల!" అంది చంద్రిక.

సుంకప్ప మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున ట్రాన్స్‌ఫార్మరు డొల్ల నేలమీద పడి ఉంది. నూనె చెట్ల పాదుల దాకా పారింది. కాపలా కుర్రాళ్లు రాత్రంతా ఈలలు వేస్తూ ఆ దారినే తిరిగారు.

"నేను చెప్పల్యా! పోయి చెప్పింది ముసల్ది!" అని సుంకప్ప నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

కరెంటాఫీసుకు పరిగెత్తాడు. "నీకంటే ముందు చానా ఊర్లుండాయప్పా. వరసలో వస్తాది" అన్నారు. వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

కదిరమ్మ బిందెలతో నీళ్లు మోసింది. ఎన్ని చెట్లకని మోస్తుంది? ఆకు ముడుచుకుంది. ఒక్కొక్కటిగా కాయ రాలింది. బోరులో నీళ్లున్నాయి, పైకి తెచ్చే దారే లేదు. సుంకప్ప గట్టుమీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

తోట పొయ్యిలోకి పనికొచ్చే కట్టె అయ్యాక చంద్రిక ఫోన్ చేసింది.

"దొంగలు దొరికినారు సుంకన్నా. స్టేషన్‌కు రా."

స్టేషన్ వరండాలో అన్నం క్యారియరు ఒళ్లో పెట్టుకుని ఆ అవ్వ కూర్చుని ఉంది.

"మేడం! ఈమే! నేను ఆ పొద్దే చెప్పల్యా, వాళ్ల మనిషేనని!"

చంద్రిక తల దించుకుంది.

అవ్వ సుంకప్పను గుర్తుపట్టింది.

"చెట్లు బతికినాయా నాయనా?"

"సచ్చిపోయినాయి. సంతోషమేనా?"

ఆమె చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

సుంకప్ప లోపలికి దూసుకెళ్లాడు. మూల నేలమీద కూర్చున్న పడుచువాడి ముందు నిలబడ్డాడు.

"ఊరంతా ఈలలేస్కొని కాపలా ఉంటే ఎట్లొచ్చినార్రా మీరు?"

వాడు తలెత్తలేదు.

"ఈలలకు మేం యానాడూ భయపడల్యాన్నా. ఆ కంబాల కింద మాయమ్మ పండుకోనుంటే ఎక్కేకి కాళ్లాడక దినామూ వాపసు పోతాంటిమి, మీరు ఆయమ్మను బస్సెక్కించేదాకా."