మూడో గ్రామసభ

రెండోసారి కూడా కోరం లేక గ్రామసభ వాయిదా పడేసరికి వార్డు మెంబరు శ్రీకలకు ఏడుపొక్కటే తక్కువ.

పుత్తన్‌కరి వార్డులో కాలువ దాటాలంటే ఒక కొబ్బరి దుంగే దిక్కు. దాని మీంచి జారి నీళ్లలో పడనివాళ్లు ఆ వార్డులో లేరు. పోస్ట్‌మాన్ ఉత్తరాలతో సహా పడ్డాడు. ఎన్నికల ప్రచారంలో శ్రీకల జెండాతో సహా పడింది. ఆమె గెలుపు ఆ రోజే ఖాయమైందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇదంతా నవ్వుకునే సంగతే. కానీ పోయిన వానాకాలంలో నొప్పులు పడుతున్న ఓమనను కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు మోసుకుంటూ ఆ దుంగ దాటించారు. దాటినంతసేపూ గట్టు మీద ఎవరికీ ఊపిరాడలేదు. తల్లీబిడ్డా క్షేమంగానే ఇంటికి చేరారు. శ్రీకల మాత్రం ఆ రోజే అందరి ముందూ మాటిచ్చేసింది, వచ్చే వానలకల్లా అక్కడ సిమెంటు వంతెన ఉంటుందని.

వంతెనకు డబ్బు మంజూరైంది. గ్రామసభ తీర్మానం చేస్తే చాలు. చేయకపోతే నెలాఖరుకు డబ్బు వెనక్కి పోతుంది. సభ చెల్లాలంటే వార్డు ఓటర్లలో కనీసం పదో వంతు మంది రావాలి. మొదటి సభకు టీ ఇస్తామన్నారు. టీ కొట్టు తంకప్పన్ ఒక్కడే వచ్చాడు, అదీ టీ పోయడానికి. రెండో సభకు టీతో పాటు పరిప్పువడ కూడా అన్నారు. కొంతమంది వచ్చి, వడలు తీసుకుని, దారిలో తింటామంటూ వెళ్లిపోయారు.

"రూలు రూలే మెంబరమ్మా," అన్నాడు పంచాయతీ ఆఫీసరు వర్గీస్, తనూ ఒక వడ నములుతూ. "నేను లెక్కపెట్టాల్సింది తలలు. వడలు కాదు."

"జనం వచ్చే చోటే సభ పెడితే?"

"శ్మశానంలో పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు. ముందుగా నోటీసు ఇవ్వాలి, అంతే."

శ్రీకల ఇంటికి వెళ్లి వాళ్లమ్మకు తన ఆలోచన చెప్పింది. వాళ్లమ్మ నెత్తి బాదుకుంది. "ఊళ్లో పరువు తీస్తావే నువ్వు," అంది. శ్రీకల అప్పటికే చెప్పులేసుకుని వీధిలోకి దిగిపోయింది.

ఈసారి ఒక్క గడప కూడా వదల్లేదు. మొన్నటిదాకా మోకాళ్ల నొప్పులన్న తంకప్పన్ టీ గ్లాసు దించి మరీ లేచి నిలబడ్డాడు.

"నేను రాకపోతే బాగుంటుందా అమ్మాయ్? ఇంటిల్లిపాదీ వస్తాం. పాయసం ఎన్ని రకాలు?"

"మూడు. కానీ ముందు సభ. ఆ తరవాతే ఆకు వేసేది."

"సభ కూడా ఉందా?" తంకప్పన్ కాస్త నీరుగారిపోయాడు. "సర్లే, పాలపాయసం ఉందంటే సభకైనా కూర్చుంటాను."

ఆ రోజు గుడి పక్కనున్న హాలు కిటకిటలాడింది. ఫ్యాను కింద కుర్చీల కోసం తోపులాట. పెట్టె అడుగున దాచుకున్న బట్టలన్నీ బయటికొచ్చాయి. వెనక నుంచి సాంబారు వాసన గుప్పుమంటోంది. ఆ ఊరి జనం సంగతి శ్రీకలకు బాగా తెలుసు. వదిలితే నేరుగా ఆకుల ముందుకే పోతారు. అందుకే భోజనాల హాలుకు తాళం వేయించి, తాళంచెవి నడుముకు దోపుకుని మైకు పట్టుకుంది.

వర్గీస్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అంత జనాన్ని ఏ గ్రామసభలోనూ ఆయన చూడలేదు.

స్టేజీ మీద ఆమె పక్కనే ప్రదీశ్ కూర్చున్నాడు. పక్క పంచాయతీ మనిషి. పొద్దున వస్తూ వస్తూ ఆ దుంగ మీంచి జారి, మోకాళ్లదాకా బురద చేసుకుని, కట్టుకున్న ముండు పంచె మార్చుకోవాల్సి వచ్చింది. అయినా నవ్వుతూనే ఉన్నాడు.

"మెంబరుగారూ, టైము దాటిపోతోంది," అన్నాడు మెల్లగా.

"ఐదే నిమిషాలు."

"పాపం, ఆ అబ్బాయిని ఎంతసేపు కూర్చోబెడతావే?" అని ముందు వరసలోంచి వాళ్లమ్మ పళ్లు నూరింది.

శ్రీకల తీర్మానం చదివింది. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమంది. హాలంతా చేతులే. ప్రదీశ్ కూడా ఎత్తాడు.

"మీకు ఓటు లేదు, దించండి," అన్నాడు వర్గీస్. "కుడివైపు వాళ్లు కూడా దించండి. మీరంతా పక్క పంచాయతీ వాళ్లు."

"అయితే ఏంటి సారూ?" కుడివైపు నుంచి ఓ ముసలాయన తగులుకున్నాడు. "ఇకమీదట మేమూ ఆ వంతెన మీంచే కదా వచ్చి పోవాల్సింది. మాకూ చెయ్యెత్తే హక్కుంది."

హాలు గొల్లుమంది. వర్గీస్ ఎడమవైపు వరసలు మాత్రం వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఆ వేలి వెంటే శ్రీకల కూడా లెక్కపెట్టుకుంటూ పోయింది. మూడో వరస దాటేసరికే పదో వంతు నిండింది. అయినా ఆయన ఆఖరి వరసదాకా లెక్కపెట్టి, చిన్నపిల్లాడిలా నవ్వి, సంతకం పెట్టేశాడు. వంతెన వచ్చేసినట్టే. శ్రీకలకు అక్కడే గంతులెయ్యాలనిపించింది.

చప్పట్లు ఆగకముందే కుర్చీలు కదిలాయి. తంకప్పన్ అందరికంటే ముందు భోజనాల తలుపు దగ్గర తేలాడు.

"ఎవరూ కదలకండి," అంది శ్రీకల మైకులో. "ఇంకొక్క చిన్న పనుంది."

అందరూ ఉసూరుమంటూ మళ్లీ కూర్చున్నాక శ్రీకల మైకు పక్కన పెట్టి, ప్రదీశ్ ఎదురుగా కూర్చుని, తాళి కట్టించుకోవడానికి తల వంచింది.