ఇరవయ్యో పేరు

"ఒక పేరు రాయించాలమ్మా," అన్నాడు ముసలాయన.

కౌంటీ మ్యూజియం మూసే వేళయింది. వెర్నా అప్పటికే కోటు తొడుక్కుంది. ఆ ఊరి పాత కాగితాలకూ, ఫొటోలకూ పద్దెనిమిదేళ్ళుగా ఆవిడే కాపలా. తనకు తెలియని సంగతి నెవాడా మొత్తంలో జరిగి ఉండదని ఆవిడకో నమ్మకం.

ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని బల్ల అవతల నిలబడ్డాడు. కళ్ళ మీద తెల్లటి పొర. పేరు ఫెర్మిన్ అనీ, యూరప్ కొండల నుంచి వలసొచ్చిన బాస్కు వాళ్ళ పూటకూళ్ళింట్లో ఉంటాననీ చెప్పుకున్నాడు.

"ఎవరి పేరు రాయించాలి?"

"కొండ మీద చెట్టుకున్న పేరు. మీ పుస్తకంలో అది లేదట."

వెర్నా ప్రాణం ఉసూరుమంది.

ఆ పుస్తకం ఆవిడ ఐదు వేసవుల కష్టం. వెనకటి రోజుల్లో గొర్రెలు కాసిన బాస్కు కాపరుల పేర్లు కొండ మీద ఆస్పెన్ చెట్ల బెరడుకు చెక్కి ఉండేవి. పేరు, దాని కింద ఏ సంవత్సరమో, అంతే. వెర్నా ఒక్కో మానుకూ పలుచటి గుడ్డ చుట్టి, నల్ల మైనం రుద్ది, ముద్రలు తీసుకొచ్చింది. మొత్తం పంతొమ్మిది. కిందటేడు కార్చిచ్చుకి ఆ తోపంతా బూడిదైపోయింది. ఆ మనుషులు ఈ భూమ్మీద బతికారనడానికి ఇప్పుడు ఆ గుడ్డలే దిక్కు.

సోమవారం పుస్తకం అచ్చుకు వెళుతోంది.

"ఆ చెట్టెక్కడుంది?" అంది వెర్నా.

"ఏటి అవతలి గట్టున ఉండేది. మీరు అటు రాకముందే గాలికి కూలిపోయింది."

"ముద్ర లేనిదే పేరెక్కించడం కుదరదు పెద్దాయనా. రేపు ఇంకొకాయన వచ్చి మా తాత పేరూ రాయమంటాడు. ఎవరిని నమ్మమంటారు?"

పోనీ మీరు కాపరిగా చేశారా అని అడిగింది. లేదన్నాడు. కంచరగాడిద మీద రొట్టెలు వేసుకుని కొండ మీది గుడారాలకు మోసేవాణ్ణి అన్నాడు.

వెర్నాకు లోపల నవ్వొచ్చింది. రొట్టెలు మోసినవాడు చరిత్ర దిద్దడానికి వచ్చాడు!

ఆయన మాత్రం కదల్లేదు. ఆ చెట్టు మీది పేరుగల కాపరి ఒక వసంతంలో ఓడ దిగి వచ్చాడట. ఆ ఏడు మొదటి మంచుకే చనిపోయాడట. తోటివాళ్ళకు అతని మొహం గుర్తుండేంత కాలం కూడా బతకలేదట.

"ఆ పేరు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానమ్మా. నేను పోతే వాడు పుట్టనట్టే."

పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం వెర్నాది. ఆధారం ఉంటేనే పేరు. కానీ ఆ మాట మళ్ళీ చెబితే ఈయన ఇక్కడే తెల్లవారేలా ఉన్నాడనిపించింది. బయట చలి ముదురుతోంది, ఇంటికెళ్ళి పొయ్యి రాజేసుకోవాలి.

"సరే, చెప్పండి," అని కాగితం ముందుకు లాక్కుంది.

ఆయన ఒక్కో ముక్కా విడదీసి నెమ్మదిగా చెప్పాడు. తప్పు పోతుందేమోనని రెండోసారీ చెప్పాడు. ఇంటిపేరుతో కలిపి మూరెడు పేరు. వెర్నా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తూ కాగితం మీద సున్నాలు చుట్టింది. పెన్సిలు చప్పుడు ఆయనకు వినబడాలి కదా మరి.

"రాశారా అమ్మా?"

"రాశాను."

ముసలాయన మొహం తేటపడింది. బల్ల తడుముకుని ఆవిడ చేతిని ఒకసారి పట్టుకుని, వెళ్ళిపోయాడు. వెర్నా కాగితాన్ని ఉండచుట్టి బుట్టలో పడేసింది.

తర్వాతి వారం పూటకూళ్ళింటి యజమానురాలు గ్రాసియానా వచ్చింది. నల్లబట్టల్లో ఉంది.

ఫెర్మిన్ ఆదివారం నిద్రలోనే పోయాడని చెప్పింది. ఇక్కడికొచ్చి వెళ్ళిన సాయంత్రం ఆయన నెలల తర్వాత కడుపునిండా తిన్నాడట. వాడు పుస్తకంలోకెక్కాడు, వాడు పుస్తకంలోకెక్కాడు అని బల్ల దగ్గర కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడట.

"ఆ పేరొకసారి చూపించు వెర్నా. ఆయన సమాధి రాయి మీద దాన్ని కూడా చెక్కిద్దామనుకుంటున్నాం. నోటితో చెబితే అది మాతోనే పోతుంది, రాతలో పడాలి అంటూ మాకెప్పుడూ చెప్పలేదు."

వెర్నా చూపు ఖాళీ చెత్తబుట్ట మీదికి పోయింది.

ఆ పేరు గుర్తు చేసుకోవాలని చూసింది. మొదటి అక్షరమైనా తట్టలేదు. రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ తను పొయ్యి గురించి ఆలోచిస్తోంది.

"రాయలేదు గ్రాసియానా."

గ్రాసియానా నల్ల శాలువా సర్దుకుంది. తిట్టినా బాగుండుననిపించింది వెర్నాకు. ఆగలేక తనే సంజాయిషీ మొదలుపెట్టింది. ఈ పంతొమ్మిది మందీ తమ పేర్లు తామే చెక్కుకున్నారు, చెట్లే సాక్ష్యం చెప్పాయి. ఆయన చూస్తే రొట్టెలు మోసినవాడు. వట్టి నోటిమాట పట్టుకుని పుస్తకంలోకి ఎలా ఎక్కించేది?

గ్రాసియానా గోడకు వేలాడదీసిన గుడ్డల దగ్గరికి నడిచి, ఒక్కో పేరూ చదువుకుంటూ చివరిదాకా వెళ్ళింది.

"వీళ్ళలో ఒక్కడికీ రాత రాదు వెర్నా," అంది నెమ్మదిగా. "మంచుకో, జ్వరానికో ఒంటరిగా పోయేవాళ్ళు. రొట్టె పట్టుకుని పైకెళ్ళినవాడికే శవం కనబడేది. అక్కడే పూడ్చి, పక్కనున్న చెట్టుకు పేరు చెక్కి దిగేవాడు. ఆ పంతొమ్మిదీ ఫెర్మిన్ దస్తూరీయే."