పలకని పేరు

ఆపరేషన్ మధ్యలో పిల్లని లేపుతామని డాక్టర్ వసుమతి చెప్పగానే కరుణమ్మ మొహం పాలిపోయింది.

“వీపు కోసి ఉండగానా?”

“నొప్పి తెలీదండీ. వంకర తిరిగిన వెన్నుని స్టీల్ రాడ్‌తో సాగదీస్తారు. అందులో నరాలు దెబ్బతినొచ్చు. అందుకే కాస్త మెలకువ తెప్పించి కాళ్ళు కదపమంటాం. కదిపితే మళ్ళీ నిద్రే. కదపకపోతే రాడ్ తీసెయ్యాలి. అప్పటికీ కాళ్ళు వస్తాయని గ్యారంటీ లేదు.”

మత్తు డాక్టర్ తెలుగావిడ కావడం అదృష్టమే అనుకున్నాడు కరుణమ్మ భర్త దైవాశీర్వాదం. 1981లో న్యూజెర్సీలో అది మామూలు అదృష్టం కాదు మరి.

వసుమతి మంచం మీది పిల్ల వైపు తిరిగింది. “రేపు పేరు పెట్టి పిలుస్తాను. వినగానే కాళ్ళ వేళ్ళు కదపాలి. ఏదీ, ఒకసారి ప్రాక్టీస్ చేద్దాం. లూసీ, కాళ్ళు కదుపు.”

పిల్ల తల్లి వైపు చూసింది. తర్వాత కదిపింది.

కరుణమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ పేరు వింటే ఆవిడకెప్పుడూ అంతే. చర్చిలో అందరూ ‘లూసీని స్వస్థపరచు ప్రభువా’ అంటే ఆవిడ నోట ఆమెన్ రాదు. ఇంట్లో ‘అమ్మడూ’ అనడమే తప్ప పేరెత్తదు. ఇద్దరాడపిల్లల్లో ఒకరిని పోగొట్టుకుని అమెరికా వచ్చారు. పోయింది చిన్నది, రూతు అని తాముండే పిస్కాటవే ఊళ్ళో అందరికీ చెప్పుకున్నారు. వసుమతికీ చెప్పారు. ఉన్న పిల్లని చూస్తే పోయిన పిల్ల గుర్తొస్తుంది కాబోలు, పాపం అని అంతా జాలిపడేవారు.

మర్నాడు ఆపరేషన్ మొదలైన చాలాసేపటికి ఒక నర్సు హడావిడిగా వచ్చింది. తల్లిని లోపలికి రమ్మంటున్నారంది. కరుణమ్మకి గౌను, మాస్కు తొడిగింది.

దైవాశీర్వాదం భార్య చెయ్యి పట్టుకున్నాడు. “లూసీ అనే పిలువు,” అన్నాడు మెల్లగా.

లోపల వసుమతి నుదుటి మీద చెమట. “ఎంత పిలిచినా పలకడం లేదండీ. చేతులూ కదపడం లేదు, కాళ్ళూ కదపడం లేదు. మీ గొంతైతే గుర్తుపడుతుందేమో. ఇంక ఆగలేం.”

కరుణమ్మ వంగింది. “లూసీ... లూసీ, కాళ్ళు కదుపమ్మా.”

పిల్ల కదల్లేదు. సర్జన్ తల అడ్డంగా ఊపాడు. రాడ్ తీసేద్దామన్నాడు.

కరుణమ్మ ఆగమన్నట్టు చెయ్యి చూపింది. ఈ పిల్ల కాళ్ళు కూడా పోతే తను బతికి ఎందుకు? ఒకసారి తలుపు వైపు చూసింది. పిల్ల చెవి దగ్గరికి వంగింది.

“రూతూ.”

వసుమతి చటుక్కున తలెత్తి చూసింది. చచ్చిపోయిన పిల్లని పిలుస్తుందేమిటి ఈవిడ?

“రూతూ, నేనే, అమ్మని. కాళ్ళు కదుపు తల్లీ.”

పచ్చ దుప్పటి కింద రెండు పాదాలూ కదిలాయి.

వీసా వచ్చిందీ లూసీ ఒక్కదానికే, ఆ వారంలోనే నరసాపురంలో జ్వరంతో పోయిందీ లూసీయే; ఆ వీసా మీద వచ్చింది రూతు.