దాచిన దొంగలు

గుమ్మంలో చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు ఎగిరిపడ్డాయి. మొగుడు గెలిచి వచ్చాడని ఆమెకు అర్థమైపోయింది.

"రిపోర్టు ఇచ్చేశా! ఇక నోరు విప్పొచ్చు" అంటూ వంటింట్లోకి వచ్చాడతను.

నెల రోజులుగా ఆ ఇంట్లో ఆఫీసు మాట ఎత్తడానికి లేదు. ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఇన్సులిన్ పంపుల్లో పెట్టే చిప్‌లు చేస్తారు. పోయినేడాది మార్కెట్లోకి వెళ్లిన చిప్‌కి నకలు తీసి, పరీక్ష కోసం అందులో తప్పుడు పనులు చేసే సర్క్యూట్లు దాచడం ఆమె పని. వాటికి ఆఫీసులో ముద్దుపేరు దొంగలు. ఎక్కడ దాచిందో, ఎందర్ని దాచిందో ఎవరికీ చెప్పకూడదు. అసలు నమూనా చూడకుండా, చిప్‌ను పొర పొరగా ఒలిచి వాళ్లను పట్టుకోవడం అతని పని. పట్టుకోలేకపోతే అతని విభాగమే మూసేస్తామన్నారు పైవాళ్లు. మొగుడు గెలవాలనే ఆమెకూ ఉంది. అలాగని పనిలో మొహమాటానికి పోయే మనిషి కాదు.

"ఏమైందిరా మీ దొంగా పోలీసాట?" బఠాణీలు ఒలుస్తూ అడిగింది అత్తగారు. ఆవిడ నడుముకున్న పంపులో పోయినేడాది చిప్పే ఉంది. కొడుకూ కోడలూ చేసిన వస్తువని కనపడ్డవాళ్లందరికీ చూపిస్తుంటుంది.

"అందర్నీ పట్టేశానమ్మా! నీ కోడలు సామాన్యురాలు కాదు. ఒకణ్ణి గడియారం సర్క్యూట్ వెనకాల నక్కబెట్టింది."

"వాడు తేలికేలెండి" అంది ఆమె మూతి తిప్పుతూ.

"ఇంకొకడు గటగటా బ్యాటరీ తాగేస్తున్నాడు."

"పాపం, వాడికి దాహమెక్కువ."

"మూడోవాడు రోగి వివరాలన్నీ బయటికి ఊదేస్తున్నాడు. వాడి కోసం వారం రోజులు నిద్రలేదు. కాస్త మొగుడన్న జాలి ఉండక్కర్లా?"

"జాలి చూపిస్తే మీకు జీతమెందుకు?"

"బాగా గడ్డిపెట్టావమ్మాయ్!" అంది అత్తగారు.

అతను గుప్పెడు బఠాణీలు నోట్లో వేసుకున్నాడు. "కానీ ఆ నాలుగోవాడున్నాడే, వాడే అసలైన గజదొంగ. రోజులు లెక్కపెట్టుకుంటూ ఏడాదిపాటు బుద్ధిమంతుడిలా పడుకుంటాడు. ఏడాది నిండగానే లేచి, పంపులో ఉన్న మందంతా ఒక్కసారే ఒంట్లోకి గుమ్మరిస్తాడు. అంత కిరాతకం ఎలా తట్టిందే నీకు? మావాళ్లంతా నీకో దణ్ణం పెట్టి రమ్మన్నారు."

"నా కోడలంటే ఏమనుకున్నావు మరి!" పకపకా నవ్వింది అత్తగారు.

ఆమె చూపు అత్తగారి నడుముకున్న పంపు మీద పడింది.

ఆమె దాచింది ముగ్గుర్నే.